చెట్టు మొదలు చదవడం

నా పని చెట్లను తనిఖీ చేయడం. దక్షిణ ఇంగ్లండ్‌లోని పార్కులు, బడి ఆవరణలు, చర్చి శ్మశానాలు, రోడ్ల పక్క బారులు, పెద్ద ఇళ్ళ తోటలు తిరుగుతాను. ఏ చెట్టు కింద జనం నిశ్చింతగా నడవొచ్చో, ఏ చెట్టుకు ఏం చేయాలో రాసి సంతకం పెట్టాలి. ఆ సంతకానికి చట్టం ముందు విలువ ఉంది. ఇక్కడి 1957, 1984 నాటి ఆక్యుపయర్స్ లయబిలిటీ చట్టాల ప్రకారం, స్థలం ఎవరి అధీనంలో ఉందో వాళ్ళే అక్కడికి వచ్చిన మనిషి భద్రతకు తగిన జాగ్రత్త తీసుకోవాలి. చెట్ల విషయంలో ఆ జాగ్రత్త మాలాంటి వాళ్ళను పిలిపించడంతో మొదలవుతుంది.

చెట్లను పుచ్చబెట్టే శిలీంధ్రాలు ఈ దేశంలో చాలా ఉన్నాయి. వాటిలో ఎక్కువ వాటిని చూసి నేను కంగారుపడను. ఓక్ చెట్టు కడుపులో గోధుమ రంగు కుళ్ళు పెట్టే గంధకపు రంగు పుట్టగొడుగు ఉంది. అది పట్టాక కూడా ఓక్ ఎన్నో దశాబ్దాలు నిలబడుతుంది. ఒక్క దాని ముందు మాత్రం మోకాళ్ళ మీద కూర్చుని ఎక్కువ సేపు గడుపుతాను. పేరు క్రెట్‌స్‌మారియా డ్యూస్టా. 1787లో హాఫ్‌మన్ అనే జర్మన్ వృక్షశాస్త్రవేత్త దీన్ని మొదట వర్ణించాడు. తర్వాత పేర్లు చాలాసార్లు మారాయి. ఇప్పటి పేరు 1970 నాటిది. నాకు పని నేర్పిన పాత తరం వాళ్ళు మాత్రం ఇప్పటికీ దీన్ని ఉస్టులినా అనే అంటారు.

వసంతంలో, అంటే ఇక్కడి ఏప్రిల్, మే నెలల్లో, బీచ్ చెట్టు మొదట్లో రెండు పెద్ద వేళ్ళు కలిసే సందులో బూడిద రంగు పొర ఒకటి పుడుతుంది. అంచు తెల్లగా, మెత్తగా ఉంటుంది. వేలితో రాస్తే పొడి అంటుకుంటుంది. వేసవి ముదిరేకొద్దీ ఆ పొర నల్లబడి, గడ్డలు కట్టి, గట్టి పెంకుగా మారుతుంది. గోటితో గిల్లితే పెళుసుగా ఊడి వస్తుంది. చూసినవాళ్ళు ఎవరో పిల్లలు చెట్టు మొదట్లో మంట వేసి వెళ్ళారనుకుంటారు. తోటమాలి బూటుతో నాలుగు రుద్దులు రుద్ది శుభ్రం చేసిన చోట్లు కూడా చూశాను. దీనికి గొడుగు లేదు, కాడ లేదు. గానోడెర్మా అనే మరో శిలీంధ్రంలాగా మాను నుంచి అరుగులా పొడుచుకు రాదు. బీచ్ వేళ్ళ మీద శరత్కాలంలో విసనకర్రల గుత్తిలా విచ్చుకునే మెరిపిలస్‌లాగా దారిన పోయేవాళ్ళ కంట పడదు. నేలకు ఆనుకుని, ఎండుటాకుల కింద, దురదగొండి పొదల వెనక ఉంటుంది. లిండెన్ చెట్లయితే మొదలు చుట్టూ దట్టంగా పిలకలు వేస్తాయి. ఆ పిలకలను కత్తిరించకుండా లోపల ఏముందో చెప్పడం ఎవరి తరమూ కాదు. అందుకే తనిఖీకి ముందే పిలకలు కొట్టించమని, మాను మీద పాకిన ఐవీ తీగను తొలగించమని రాతపూర్వకంగా అడుగుతాను. చేయకపోతే ఆ చెట్టును ‘చూడలేదు’ అనే రాస్తాను. ‘బాగుంది’ అని రాయను.

ఈ శిలీంధ్రం చేసే పని అర్థం కావాలంటే చెక్క దేనితో నిలబడుతుందో చెప్పుకోవాలి. చెక్కలోని కణాల గోడల్లో సెల్యులోజ్ పొడవాటి దారాలుగా ఉంటుంది. ఆ దారాల మధ్య లిగ్నిన్ అనే పదార్థం నిండి గట్టిపడుతుంది. మన ఇంటి స్లాబులో ఇనుప ఊచలూ సిమెంటూ ఎలాగో ఇవి అలాగ. దారం లాగుడును తట్టుకుంటుంది, లిగ్నిన్ నొక్కుడును తట్టుకుంటుంది. గాలికి చెట్టు ఊగినప్పుడు గాలి వచ్చే వైపు నారలు సాగుతాయి, అవతలి వైపు నారలు నలుగుతాయి. రెండూ ఉన్నంతకాలం మాను వంగి మళ్ళీ లేస్తుంది.

గానోడెర్మా వంటివి తెల్ల కుళ్ళు పెడతాయి. అవి లిగ్నిన్‌ను కూడా తినేస్తాయి కాబట్టి చెక్క తెల్లబారి, పీచుపీచుగా, మెత్తగా అవుతుంది. బలం తగ్గినా వంగే గుణం కొంత మిగులుతుంది. ఇంకో సంగతి, మెత్తబడ్డ చోట మాను ఎక్కువ ఊగుతుంది కాబట్టి చెట్టు దాన్ని పసిగడుతుంది. ఆ చోట కొత్త చెక్కను ఎక్కువ మందంగా వేసుకుంటుంది. ఏళ్ళు గడిచేకొద్దీ మొదలు ఉబ్బి సీసా ఆకారానికి వస్తుంది. దూరం నుంచి చూసినా లోపల ఏదో ఉందని తెలిసిపోతుంది.

క్రెట్‌స్‌మారియా దారి వేరు. దాని పోగులు కణం గోడ మందంలోకే దూరి, గోడ లోపలే నిలువుగా సొరంగాలు తవ్వుకుంటూ పోతాయి. సెల్యులోజ్‌ను కరిగిస్తాయి. లిగ్నిన్ ఎక్కువగా ఉండే కణాల మధ్య అతుకును చాలాకాలం ముట్టుకోవు. శాస్త్రంలో దీన్ని మెత్త కుళ్ళు అనే వర్గంలో పెట్టారు. నిలువు చెట్టులో దీని ఫలితం మాత్రం మెత్తగా ఉండదు. దారం పోయి లిగ్నిన్ చట్రం మిగిలిన చెక్క బిగుసుకునే ఉంటుంది, వంగదు. వంగదు కాబట్టి చెట్టుకు తెలియదు. తెలియదు కాబట్టి మొదలు ఉబ్బదు. ఒక గాలివానలో అడ్డంగా, నున్నగా పుటుక్కున విరుగుతుంది. విరిగిన ముఖం మీద నారలు కనపడవు. దాదాపు చదునుగా ఉంటుంది, దాని మీద సిరాతో గీసినట్టు నల్లటి సన్నని గీతలు తిరుగుతుంటాయి.

మా వృత్తిలో కొత్తగా చేరినవాళ్ళకి నేను మొదట చెప్పే మాట ఒకటుంది: చెట్టు బతికి ఉండటం వేరు, నిలబడగలగడం వేరు. ఆకుకు నీళ్ళు మోసేది బెరడు కింద ఏటేటా పడే కొత్త చెక్క. చెట్టంత బరువును, గాలిని మోసేది మొత్తం మాను, దాని కింద వేళ్ళు. మొదటిది ఆరోగ్యంగా ఉండి రెండోది లోపలి నుంచి పోతుంటే, కొమ్మలన్నీ నిండుగా చిగురించి ఉన్న చెట్టే విరుగుతుంది. నిండుగా ఉన్న చెట్టుకు గాలి పట్టు కూడా ఎక్కువే.

ఇది అర్థం చేయించడం తనిఖీ కన్నా కష్టం. రెడింగ్ దగ్గర ఒక తెలుగు కుటుంబం ఇంటి వెనక పెద్ద బీచ్ ఉండేది. చెట్టుకు కౌన్సిల్ రక్షణ ఉత్తర్వు ఉంది, అనుమతి లేకుండా కొమ్మ కూడా కొట్టకూడదు. పక్కింటివాళ్ళ అద్దాల గది సరిగ్గా దాని కిందే ఉంది. మొదట్లో నల్ల పెంకు కోసం వెతికితే మూడు వైపులా దొరికింది. ఇంటి యజమాని తండ్రిగారు అమలాపురం వైపు నుంచి వచ్చి కొడుకు దగ్గర ఉంటున్నారు. నేను మొదలు చుట్టూ తిరుగుతున్నంతసేపూ చేతులు వెనక్కి కట్టుకుని నా వెంటే తిరిగారు.

“ఏమ్మా, ఇంత పచ్చగా ఉన్న చెట్టును కొట్టించమని రాస్తావా?” అన్నారు.

“పైన పచ్చగానే ఉంది బాబాయిగారూ. కింద చెక్క పెళుసైపోయింది. ఆకు పెట్టడానికి పైపొర చాలు, గాలికి నిలబడటానికి అది చాలదు.”

ఆయన కాసేపు ఆలోచించి, “మా కొబ్బరికి గానోడెర్మా పట్టినా అంతేనమ్మా. ముందు మొదట్లో ఎర్రగా బంక కారుతుంది. పైన మట్టలు చూసుకుంటూ కూర్చున్నవాడికి చెట్టు దక్కదు” అన్నారు.

కోనసీమ రైతు తన తోటలో నడుస్తూ ముందు మొదలు వైపు చూడటం నేనూ చిన్నప్పటి నుంచి ఎరుగుదును. నేను బాపట్లలో వ్యవసాయ డిగ్రీ చదువుతున్నప్పుడు తెగుళ్ళ క్లాసులో ఆ గానోడెర్మా గురించే ఎక్కువ విన్నాను. రెండింటికీ తేడాలు చాలా ఉన్నాయి. కొబ్బరి మానులో ఏటేటా పెరిగే వలయాలు ఉండవు, దెబ్బ తగిలిన చోట కొత్త చెక్క పొర వేసుకోవడం దానికి రాదు. బీచ్‌కు అది వచ్చు. కానీ జబ్బు మొదట కనిపించేది కిందనే అన్న సంగతి రెండు చోట్లా ఒకటే. ఆ పెద్దాయన కొడుకును పిలిచి, “అమ్మాయి చెప్పినట్టు చేయించు” అన్నారు. కౌన్సిల్‌కు నివేదిక పంపాము. చెట్టు దిగింది. దాని స్థానంలో మరో చెట్టు నాటాలన్న షరతు కూడా పాటించారు. ఉస్టులినా అనే పాత పేరుతో ఇదే కోవ శిలీంధ్రం మన దేశంలో తేయాకు తోటల వాళ్ళకూ తెలుసు. నీడ కోసం పెంచిన చెట్లను కొట్టి మోళ్ళను నేలలో వదిలేస్తే, ఆ మోళ్ళ నుంచి వేళ్ళ ద్వారా తేయాకు మొక్కలకు పాకుతుంది. తేయాకు మొక్క మొదట్లో వాళ్ళు చూసే నల్ల పెంకూ, నేను బీచ్ మొదట్లో చూసే నల్ల పెంకూ చూపుకు ఒకేలా ఉంటాయి.

పనిముట్ల సంగతికి వస్తాను. నా సంచిలో ఎప్పుడూ ఉండేవి నైలాన్ సుత్తి, సన్నటి ఉక్కు ఊచ, చిన్న తాపీ, చుట్టుకొలత టేపు. సుత్తితో మానును తడుతూ చుట్టూ తిరిగితే డొల్ల ఉన్నచోట శబ్దం బొంగురుపోతుంది. తెల్ల కుళ్ళు పట్టిన చెట్టు విషయంలో ఈ పద్ధతి బాగా పనిచేస్తుంది. క్రెట్‌స్‌మారియా పట్టిన చెక్క చాలాకాలం గట్టిగానే మోగుతుంది. కాబట్టి శబ్దం బాగుందంటే ఆ చెట్టు బాగుందని కాదు. ఊచతో వేళ్ళ సందుల్లో పొడిచి చూడటం, తాపీతో మట్టి తీసి వేరు పైభాగం చూడటం ఎక్కువ ఉపయోగపడతాయి.

తర్వాత యంత్రాలు. రెసిస్టోగ్రాఫ్ అని ఒకటి ఉంది. మొన దగ్గర 3 మిల్లీమీటర్లుండే పొడవాటి సూదిని మానులోకి తిప్పుతూ పంపితే, లోపలికి వెళ్ళేకొద్దీ చెక్క ఎంత ఎదురు తిరుగుతోందో గీతగా గీస్తుంది. ఇంకొకటి ధ్వని టోమోగ్రాఫ్. మాను చుట్టూ మేకులు కొట్టి, వాటికి సెన్సర్లు తగిలించి, ఒక్కొక్క మేకునూ చిన్న సుత్తితో కొడితే శబ్దం అవతలికి ఎంత వేగంగా చేరిందో లెక్కగట్టి రంగుల పటం వేస్తుంది. శబ్దం తిన్నగా పోలేక చుట్టూ తిరిగి వచ్చిన చోట డొల్ల ఉందని అర్థం. రెండూ మంచి యంత్రాలే. కానీ శబ్దం వేగం చెక్క బిగువు మీద ఆధారపడి ఉంటుంది. క్రెట్‌స్‌మారియా బిగువును చాలాకాలం అలాగే వదిలేసి బలాన్ని తీసేస్తుంది. అందువల్ల ధ్వని పటం ఉన్నదానికన్నా తక్కువ కుళ్ళు చూపించే ప్రమాదం ఉందని ఈ రంగంలో పరిశోధన చేసినవాళ్ళే నమోదు చేశారు. పటంలో మంచి చెక్కకు గుర్తయిన గోధుమ రంగు చూసి ఊరట చెంది, మొదట్లో కనిపిస్తున్న నల్ల పెంకును పక్కన పెట్టిన నివేదికలు చదివాను. నాకు అది నచ్చదు. కంటికి దొరికిన సాక్ష్యాన్ని యంత్రం తోసిపుచ్చలేదు. అది ఎంత మేర ఉందో కొలవడానికే యంత్రం పనికొస్తుంది.

జర్మనీలోని కార్ల్స్‌రూహెలో పనిచేసిన క్లాస్ మాథెక్ ఇచ్చిన ఒక కొలత మా అందరి నోళ్ళలో ఉంటుంది: డొల్ల చెట్టులో మిగిలిన మంచి గోడ మందం మాను వ్యాసార్ధంలో సుమారు మూడో వంతుకన్నా తగ్గితే విరిగే అవకాశం పెరుగుతుంది. ఆయన విరిగినవీ విరగనివీ ఎన్నో చెట్లు కొలిచి చెప్పిన మాట అది. దాన్ని సూత్రంలా వాడేవాళ్ళతో మాత్రం నాకు పేచీ ఉంది. డొల్ల మధ్యలో ఉండి, చుట్టూ గోడ సమంగా ఉన్న మానుకు అది పనికొస్తుంది. క్రెట్‌స్‌మారియా తరచుగా ఒక పక్క వేళ్ళ నుంచి పైకి పాకుతుంది. ఒక పక్క గోడ రెండు చేతుల మందం ఉండి, ఇంకో పక్క నాలుగు వేళ్ళ మందం కూడా ఉండకపోవచ్చు. సగటు తీస్తే చెట్టు బాగానే ఉందని లెక్క వస్తుంది.

చెట్టు చేతులు ముడుచుకుని కూర్చోదు, ఇది కూడా చెప్పాలి. ఈ సంగతి ప్రపంచానికి గట్టిగా చెప్పినవాడు అమెరికా అటవీ శాఖలో పనిచేసిన అలెక్స్ షీగో. న్యూ హాంప్‌షైర్‌లో రంపం పట్టుకుని చెట్లను నిలువుగా చీల్చి, వేల మానుల లోపల కుళ్ళు ఎటు పోయి ఎక్కడ ఆగిందో గీసి పెట్టుకున్నాడు. ఆయన 1977లో అచ్చువేసిన సిద్ధాంతం ప్రకారం చెట్టు గాయాన్ని మాన్పుకోదు. గాయం చుట్టూ గోడలు కట్టి లోపలే బంధిస్తుంది. పైకీ కిందికీ, లోపలికీ, పక్కలకీ మూడు గోడలు, గాయం తర్వాత పెరిగే కొత్త చెక్కకూ పాత చెక్కకూ మధ్య నాలుగోది. ఆ నాలుగోదే అన్నిటికన్నా గట్టిది. అది చదివాక చెట్టును నేను చూసే తీరే మారింది. డొల్ల మాను అంటే ఓడిపోయిన చెట్టు అనుకునేదాన్ని. ఎన్నో చోట్ల అది గెలిచిన చెట్టు. లోపల పోయింది పోనిచ్చి, బయట ఉన్నది కాపాడుకుంది.

క్రెట్‌స్‌మారియా ఈ గోడలను దాటే తీరును ఫ్రాన్సిస్ ష్వార్జ్ అనే శిలీంధ్ర శాస్త్రవేత్త సూక్ష్మదర్శిని కింద చూసి వివరించాడు. బీచ్ తన కణాల బోలు భాగాలను ఫీనాల్ పదార్థాలతో నింపి అడ్డుకట్ట వేస్తుంది. ఈ శిలీంధ్రం ఆ బోలు భాగాల జోలికే పోకుండా, కణం గోడ లోపల తాను తవ్వుకున్న సొరంగాల్లోంచి అవతలికి చేరుతుంది. చెట్టు తలుపులన్నీ మూసింది, ఇది గోడలోంచి వచ్చింది. ఆ చిత్రాలను మొదటిసారి చూసిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఇంత సూక్ష్మమైన ఏర్పాటు ఒక బూడిద పొరలో ఉందా అని ఆశ్చర్యం.

ఇలాంటి చెట్టును దించడం మామూలు చెట్టును దించడం కాదు. మంచి చెట్టును పడగొట్టేటప్పుడు పడాల్సిన వైపు మూలగా ఒక గాటు పెడతారు, వెనక నుంచి ఒక కోత కోస్తారు. రెండింటి మధ్య సన్నటి చెక్క పట్టీ వదులుతారు. చెట్టు ఒరుగుతున్నంతసేపూ ఆ పట్టీ వంగుతూ దాన్ని పట్టుకుని అనుకున్న వైపుకు నడిపిస్తుంది. పని చేసేవాళ్ళు దాన్ని హింజ్ అంటారు, మన తలుపు బందు లాంటిదే. క్రెట్‌స్‌మారియా పట్టిన చెక్కలో ఆ బందు వంగదు. చెట్టు ఒరగడం మొదలవగానే పుటుక్కున తెగి, మాను ఎటు పడాలో తనే నిర్ణయించుకుంటుంది. రంపం పట్టిన మనిషికి తప్పుకునే వ్యవధి ఉండదు. తాడు కట్టుకుని పైకి ఎక్కడం కూడా క్షేమం కాదు, మనిషి బరువూ కోసి దించే దుంగల అదురూ ఆ మొదలు మీదే పడతాయి. అందుకని నా నివేదికలో ఒక వాక్యం పెద్ద అక్షరాల్లో పెడతాను: ఈ చెట్టు ఎక్కరాదు, మొదట్లో కోసి పడగొట్టరాదు. చెర్రీ పికర్ అని పిలిచే బుట్ట లిఫ్టులోంచి పైనుంచి ముక్కలు ముక్కలుగా దించాలి, లేదా క్రేన్ తెచ్చుకోవాలి. ఖర్చు రెట్టింపు అవుతుందని యజమానులు బేరమాడతారు. ఈ ఒక్క విషయంలో నేను వెనక్కి తగ్గను. ఆ రోజు రంపం పట్టేది ఇరవై, ఇరవై అయిదేళ్ళ కుర్రవాడు, వాడి ఇంట్లో వాడి కోసం ఎదురుచూసేవాళ్ళు ఉంటారు.

ఈ శిలీంధ్రం లోపలికి ఎలా వస్తుంది? దాని బీజాలు గాలిలో తిరుగుతూ ఉంటాయి, వాటికి మొదట్లోనో వేరు మీదనో ఒక గాయం కావాలి. పక్క చెట్టు వేళ్ళు తగులుతుంటే ఆ దారిన కూడా పాకుతుంది. గాయం చేసేది చాలా చోట్ల మనమే. గడ్డి కోసే యంత్రం చక్రం వేళ్ళ మీద ఎక్కుతుంది. స్ట్రిమ్మర్ తీగ ప్రతి వారం అదే చోట బెరడును కొడుతుంది. వెనక్కి తీస్తున్న కారు మానుకు గుద్దుకుంటుంది. అన్నిటికన్నా ఎక్కువ హాని చేసేది రోడ్డు పక్క కేబుళ్ళ కోసం, పైపుల కోసం తవ్వే కందకం. ఒక్క పూటలో మణికట్టంత వేళ్ళు తెగుతాయి, సాయంత్రానికి మట్టి కప్పి తారు వేస్తారు. చెట్టు ఆ ఏడాది ఏమీ అనదు, మరుసటి ఏడాదీ ఏమీ అనదు. నల్ల పెంకు బయటపడేనాటికి ఆ కందకం ఎవరికీ గుర్తుండదు. నిర్మాణాల దగ్గర చెట్ల కోసం ఇక్కడ 2012లో సవరించిన బ్రిటిష్ ప్రమాణం ఒకటి ఉంది. మాను వ్యాసానికి 12 రెట్ల దూరం వరకు చుట్టూ నేలను కాపాడాలని దాని లెక్క. అర మీటరు మందం మానుకు ఆరు మీటర్లు. కాగితం మీద తేలికే. సన్నటి కాలిబాటల ఊళ్ళో ఆ ఆరు మీటర్లు ఎవరూ ఇవ్వరు. చెట్టు జబ్బు గురించి నన్ను పిలిచేవాళ్ళలో సగం మంది, ఆ కందకం తవ్వక ముందు పిలిచి ఉంటే బాగుండేదని నా కోరిక.

పచ్చదనానికీ బలానికీ మధ్య తగువు ఊరంతా, దేశమంతా పాకిన సందర్భం ఒకటి ఆమ్‌స్టర్‌డామ్‌లో జరిగింది. ఆన్ ఫ్రాంక్ దాక్కున్న ఇంటి వెనక పెరట్లోని గుర్రపు చెస్ట్‌నట్ చెట్టు అది. అటక కిటికీలోంచి ఆ చెట్టును చూసిన సంగతి ఆ అమ్మాయి 1944లో డైరీలో రాసుకుంది. వయసు 150 ఏళ్ళు దాటిన ఆ మానుకు గానోడెర్మా పట్టింది. 2007లో కొట్టేయడానికి అనుమతి వచ్చింది. జనం అడ్డుపడ్డారు, విషయం కోర్టుకు వెళ్ళింది, 2008లో చెట్టు చుట్టూ ఉక్కు చట్రం కట్టి నిలబెట్టారు. 2010 ఆగస్టు 23న గాలికి అది నేల నుంచి సుమారు మీటరు ఎత్తున విరిగి పడింది. అదృష్టం, ఎవరికీ దెబ్బ తగల్లేదు. దాని గింజల నుంచి పెంచిన మొక్కలు అప్పటికే ఎన్నో దేశాలకు వెళ్ళాయి. ఆ చెట్టును కాపాడాలనుకున్నవాళ్ళను నేను తప్పుపట్టను. అలాంటి జ్ఞాపకం ఉన్న చెట్టు ముందు నిలబడి నేనైనా చట్రం కట్టే మార్గమే ముందు వెతికేదాన్ని. కానీ ఆ చట్రం కింద మనుషులు ఎప్పుడు, ఎంతసేపు ఉంటారన్న ప్రశ్నను ఆకుల రంగు చూసి తేల్చకూడదని గట్టిగా చెప్పేదాన్ని.

అటువైపు పొరపాటు కూడా అంతే పెద్దది. పుట్టగొడుగు కనిపించగానే రంపం తెమ్మనే వాళ్ళు మా వృత్తిలో ఇంకా ఉన్నారు. ఈ దేశంలో చెట్టు పడి ఒక మనిషి ఒక ఏడాదిలో చనిపోయే అవకాశం దాదాపు కోటిలో ఒకటి. నేషనల్ ట్రీ సేఫ్టీ గ్రూప్ 2011లో ఇచ్చిన మార్గదర్శకంలో ఉన్న లెక్క అది. అంత చిన్న ప్రమాదానికి భయపడి ముసలి చెట్లన్నీ కొట్టేస్తే ఊళ్ళో నీడ మిగలదు. 1987 అక్టోబరు 15 రాత్రి వచ్చిన తుఫానులో దక్షిణ ఇంగ్లండ్‌లో సుమారు కోటిన్నర చెట్లు పడ్డాయి. వాటిలో పుచ్చు లేని చెట్లు ఎన్నో ఉన్నాయి. తడిసిన నేల, ఆకు రాలని కాలం, పెనుగాలి కలిసొస్తే మంచి చెట్టూ పడుతుంది.

అడవిలో క్రెట్‌స్‌మారియాను చూసినప్పుడు నాకు సంతోషమే. 1880 నుంచి సిటీ ఆఫ్ లండన్ సంరక్షణలో ఉన్న బర్న్‌హామ్ బీచెస్ అడవిలో తల నరికి పెంచిన పాత బీచ్‌లు ఉన్నాయి. వందల ఏళ్ళుగా డొల్లపడుతూ బతుకుతున్న మానులు. విండ్సర్ అడవిలో బీచ్, యాష్ చెట్ల మొదళ్ళలోని తొర్రల్లో, నల్లటి మన్నులా చివికిన చెక్కలో ఊదా రంగు క్లిక్ పురుగు పెరుగుతుంది. బ్రిటన్‌లో అది బతికే చోట్లు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. ఆ తొర్ర ఒక మనిషి జీవితకాలంలో తయారవదు. శిలీంధ్రాలు తరతరాలుగా తవ్వితే తయారవుతుంది. నల్ల గీతలు పడిన బీచ్ చెక్క కోసం లేత్ మీద గిన్నెలు తీసే పనివాళ్ళు కూడా ఎదురుచూస్తుంటారు. రెండు శిలీంధ్రాలు, లేదా ఒకే జాతిలోని రెండు వేర్వేరు జీవులు ఎదురుపడ్డ చోట సరిహద్దుగా ఆ గీతలు పడతాయి. కుళ్ళు మరీ ముదరక ముందే కోసి ఆరబెడితే చెక్క పనికొస్తుంది. ఆలస్యమైతే లేత్ మీదే పొడిరాలుతుంది.

కిందటి ఏడాది ఒక పాత భవంతి పార్కులో బీచ్ ఒకటి చూశాను. చుట్టూ గడ్డి మైదానం, మొదట్లో రెండు వైపులా నల్ల పెంకు, పైన కొమ్మలు నిండుగా. దాని కింద ఒక బెంచీ, బెంచీకి దారి తీస్తూ గడ్డి కోసిన బాట. చెట్టును కొట్టమని నేను రాయలేదు. బెంచీని చెట్టు ఎత్తుకన్నా ఎక్కువ దూరం జరపమన్నాను. ఆ బాటను కోయడం మానేసి గడ్డిని మోకాలెత్తు పెరగనివ్వమన్నాను. జనం కోసిన దారినే నడుస్తారు, కంచె అక్కర్లేదు. పై కొమ్మలను మూడో వంతు తగ్గిస్తే గాలి పట్టు తగ్గుతుందని ఒక సూచన వచ్చింది. బీచ్ అంత కోతను సులువుగా ఓర్చుకోదు, బెరడుకు ఎండ తగిలి ఇంకో జబ్బు మొదలవుతుంది. అందుకని చివరి కొమ్మలను కొద్దిగా మాత్రమే తీయమన్నాను. పార్కు చూసుకునే ఆవిడ, “మరి ఒక రోజు పడిపోతే?” అని అడిగింది. పడనివ్వమన్నాను, పడ్డ మానును అక్కడే వదిలేయమన్నాను. నివేదికలో చివరి వరస ఇది: తర్వాతి తనిఖీ మే నెలలో. బూడిద పొర అంచు ఎటు ఎంత పాకిందో మొదట్లో కొట్టిన అల్యూమినియం మేకుల నుంచి కొలవాలి. తూర్పు వైపు వేరు దగ్గర మట్టి తీసి చూడాలి.